కారం తగ్గించకుండా వైన్: విజయవాడలో ఒక చిన్న రెస్టారెంట్ కేస్ స్టడీ

మటన్‌కి రెడ్ వైన్, చేపకి వైట్ వైన్. మన దగ్గర పెద్ద హోటళ్ళలో కూడా కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఇప్పటికీ నేర్పేది ఈ ఒక్క సూత్రమే. గోంగూర మాంసం ముందు పెట్టుకుని ఈ సూత్రం పాటిస్తే ఏమవుతుందో సర్వీస్‌లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. రెండో గుక్కకే కస్టమర్ మొహం చిట్లిస్తాడు, గ్లాసు పక్కకి జరుపుతాడు, "మనకి వైన్ పడదులే" అనుకుని విస్కీ చెప్తాడు. అలా ఎంతమంది వైన్‌కి శాశ్వతంగా దూరమయ్యారో అనిపించి నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అదే టేబుల్ మీద అదే గోంగూర మాంసంతో చక్కగా కలిసే వైన్ అదే బార్‌లో, అదే ఫ్రిజ్‌లో ఉంటుంది.

నేను రెస్టారెంట్లకి వైన్ లిస్టులు తయారుచేస్తాను, స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇస్తాను. ఇక్కడ రాస్తున్నది మొగల్రాజపురం వైపు ఉన్న ఒక చిన్న రెస్టారెంట్ గురించి. పేరు రాయను, వాళ్ళు వద్దన్నారు. ముప్పై మంది పట్టే స్థలం, మంచి పింగాణీ, తెల్ల టేబుల్ క్లాత్, వంట మాత్రం అచ్చంగా కృష్ణా గుంటూరు వంట. నాకు బెజవాడలో అన్నిటికంటే ఇష్టమైన చోటు, పని అయిపోయాక కూడా సొంత డబ్బు పెట్టి వెళ్ళి తినే చోటు. బార్ లైసెన్స్ ఉంది. లైసెన్స్ ఉన్నా వైన్ కదలడం లేదు, బాటిళ్ళు తెరిస్తే సగం పారబోయాల్సి వస్తోంది, అందుకే ఓనరు మేడమ్ పిలిచారు. మొదటి రోజే ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: వంటలో కారం తగ్గించకూడదు, పులుపు తగ్గించకూడదు. "వైన్ కోసం మా మాస్టర్ చేతిని మార్చమంటే నాకొద్దు" అన్నారు. నాకు ఆ షరతు నచ్చింది. ఆ షరతు లేకపోతే ఈ కేసులో రాయడానికి ఏమీ ఉండేది కాదు.

ముందు ఉన్న పరిస్థితి

మన ఊళ్ళో మందు అలవాటు ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. ముందు తాగడం, దానితో పాటు స్టఫ్, అది పూర్తయ్యాక భోజనం. అన్నం వచ్చేసరికి గ్లాసు ఖాళీ అయిపోయి ఉంటుంది. విస్కీకి ఆ పద్ధతి సరిపోతుంది. వైన్‌ని కూడా అదే వరసలో పెడితే, ఖాళీ కడుపు మీద వేయించిన జీడిపప్పుతో ఒక గ్లాసు షిరాజ్ (ఒక రకం రెడ్ వైన్) తాగితే, అది పుల్లగా, వగరుగా, బోర్‌గా ఉంటుంది. వైన్ తయారైందే ముద్దకీ ముద్దకీ మధ్య తాగడానికి. కాబట్టి నేను చేయాల్సిన మొదటి పని గ్లాసుని భోజనం ముందు నుంచి భోజనం మధ్యలోకి తేవడం.

రెండో సమస్య నిల్వ. బార్ కౌంటర్ వెనక, లైట్ల కింద, బాటిళ్ళు అందంగా నిలబెట్టి ఉన్నాయి. రాత్రి ఏసీ ఆపేస్తారు. మే నెలలో బయట 43, 44 డిగ్రీలు ఉండే ఊళ్ళో ఆ షెల్ఫ్ మీద వైన్ ఉడికిపోతుంది, పండు వాసన పోయి ఉడికిన జామ్ వాసన వస్తుంది, కార్క్ ఎండిపోతుంది. ఇది ఈ ఒక్క చోట కాదు, కోస్తా జిల్లాల్లో నేను చూసిన చాలా బార్లలో ఇదే కథ. మేడమ్ ఒక చిన్న వైన్ చిల్లర్ కొన్నారు, దాని లైన్‌ని ఇన్వర్టర్‌కి కలిపారు. అసలైన మార్పు అక్కడే మొదలైంది.

మూడోది సప్లై. మన రాష్ట్రంలో మద్యం చరిత్ర తెలియకుండా వైన్ లిస్ట్ రాయలేం. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా రిటైల్ షాపులు ప్రభుత్వమే నడిపింది, ఆ తర్వాత మళ్ళీ ప్రైవేటు చేతికి వెళ్ళాయి. ఇన్ని మార్పుల్లోనూ ఒకటి అలాగే ఉంది: బార్ అన్నాక సరుకు ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే తీసుకోవాలి, అక్కడ రిజిస్టరైన లేబుళ్ళే దొరుకుతాయి. హైదరాబాదులోనో బెంగళూరులోనో బాగుంది కదా అని ఒక జర్మన్ రీస్లింగ్ వైట్ వైన్ కారులో తెచ్చి అమ్మడం కుదరదు. అందుకని లిస్ట్ వెన్నెముకంతా మహారాష్ట్రలోని నాసిక్ వైన్లతో కట్టాను. దొరికినప్పుడు కర్ణాటక నంది హిల్స్ వైపువి, షోలాపూర్ జిల్లా అక్లూజ్ నుంచి వచ్చే ఫ్రటెల్లీ కంపెనీవి. దీన్ని నేను సర్దుబాటు అనుకోవట్లేదు. మన తిండికి నాసిక్ షెనాన్ బ్లాంక్ అనే వైట్ వైన్ కంటే బాగా సరిపోయే ఫ్రెంచ్ వైన్ కోసం వెతకాల్సిన అవసరం నాకు ఇప్పటిదాకా రాలేదు.

కారం నోట్లో ఏం చేస్తుంది

ఇది కొంచెం సైన్సు, కానీ ఇది తెలియకపోతే మిగతాదంతా ఊహే అవుతుంది.

మిరపలో ఘాటు క్యాప్సైసిన్ వల్ల వస్తుంది. దాన్ని పసిగట్టేది నాలుక మీద, నోరంతటా ఉన్న టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దాన్ని గుర్తించింది, 2021లో ఆయనకి వైద్యంలో నోబెల్ వచ్చిన పరిశోధనల్లో ఇది ముఖ్యమైనది. నిజానికి అది వేడిని పసిగట్టే గ్రాహకం, సుమారు 42, 43 డిగ్రీలు దాటితే 'కాలుతోంది' అని మెదడుకి చెప్తుంది. క్యాప్సైసిన్ తగిలితే వేడి లేకపోయినా అదే మాట చెప్తుంది. ఆల్కహాల్ ఆ హద్దుని సుమారు 34 డిగ్రీలకి దించేస్తుంది. మన నోటి వేడే 37 దగ్గర ఉంటుంది కదా. అంటే ఎక్కువ ఆల్కహాల్ ఉన్న వైన్ తాగితే, నోటి సొంత వేడికే మంట పుడుతుంది, అప్పటికే అక్కడ గుంటూరు మిర్చి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. క్యాప్సైసిన్ ఆల్కహాల్‌లో కరుగుతుంది కాబట్టి వైన్ మంటని కడిగేస్తుంది అని కొందరు అంటారు. వైన్‌లో ఉండే 12, 13 శాతంతో ఆ పని జరగదు.

దీనికి తోడు రెడ్ వైన్‌లో టానిన్లు, అంటే వగరు. అవి లాలాజలంలోని ప్రొటీన్లని పట్టేసుకుని నోరు ఎండగడతాయి. మంటగా ఉన్న నోటికి అది గరుకుగా, చేదుగా తగులుతుంది. ఓక్ చెక్క పీపాల్లో ఉంచిన వైన్ అయితే ఆ చేదు ఇంకా పెరుగుతుంది. కాబట్టి కారం ఎక్కువున్న కూరకి కావలసింది ఇది: ఆల్కహాల్ తక్కువ, వగరు తక్కువ, కొద్దిగా తీపి, బాగా చల్లగా. చల్లదనం చిన్న విషయం కాదు, టీఆర్‌పీవీ1 వేడి గ్రాహకం కాబట్టి 8 డిగ్రీల వైన్ దాన్ని నేరుగా శాంతింపజేస్తుంది.

పులుపు సంగతి వేరు. కూర కంటే వైన్ పులుపు తక్కువైతే వైన్ చప్పబడిపోతుంది, నీళ్ళలా ఉంటుంది. కూర పులుపుకి సమానంగానో, కాస్త ఎక్కువగానో వైన్ పులుపు ఉండాలి. నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం ఒకటుంది: చింతపండులో పులుపు ప్రధానంగా టార్టారిక్ ఆమ్లం వల్లే వస్తుంది, ద్రాక్షలోనూ ప్రధాన ఆమ్లం అదే. పళ్ళలో ఇలా టార్టారిక్ ఆమ్లం పైచేయిగా ఉండేవి చాలా అరుదు. మన పులుసుకీ వైట్ వైన్‌కీ ఒకే రకం పులుపు ఉంది. పెద్ద పెద్ద చెఫ్‌లు నిమ్మకాయతో, టొమాటోతో కష్టపడి తెచ్చే పొత్తు మనకి చింతపండుతో ఊరికే వస్తుంది.

రుచి చూసిన పద్ధతి

మేడమ్, మాస్టర్, వడ్డన చూసుకునే ఇద్దరు కెప్టెన్లు, నేను కలిసి కూర్చునేవాళ్ళం. మధ్యాహ్నం సర్వీస్ అయిపోయాక, సాయంత్రం సర్వీస్ మొదలవక ముందు.

నేను పెట్టిన నియమాలు రెండే. కూరని ఒట్టిగా రుచి చూడకూడదు, అన్నంలో కలిపి ముద్దగానే తినాలి. గోంగూర మాంసం ఎవరూ చెంచాతో తినరు, అన్నంలో కలిస్తే దాని ఉప్పు, పులుపు, కారం అన్నీ మారిపోతాయి. రెండోది, తీర్పు మొదటి ముద్దకి చెప్పకూడదు, నాలుగో ముద్దకి చెప్పాలి. కారం నోట్లో పేరుకుంటుంది. మొదటి ముద్దకి ఆహా అనిపించిన జోడీ నాలుగో ముద్దకి మంటగా మారడం మళ్ళీ మళ్ళీ చూశాం. బయట చాలా మెనూల్లో కనిపించే వైన్ జోడీలు ఒకే ఒక్క ముక్క రుచి చూసి రాసినవి. ఆ పద్ధతి మన భోజనానికి పనికిరాదని నా గట్టి నమ్మకం.

మాస్టర్‌కి మొదట్లో ఇష్టం లేదు. గుంటూరు మనిషి, నలభై ఏళ్ళకి పైగా పొయ్యి దగ్గరే ఉన్నాడు, మందు ముట్టడు. వైన్‌ని నోట్లో వేసుకుని ఉమ్మేయొచ్చని చెప్పాక ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి మా అందరిలో పదునైన నాలుక ఆయనదే అయింది. కాబర్నే సోవిన్యోన్ అనే రెడ్ వైన్ ఒక గుక్క పుక్కిలించి, "ఇది పచ్చి అరటికాయ కొరికినట్టుంది సార్, నా కూర పక్కన పెట్టకండి" అన్నాడు. టానిన్ గురించి ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

గోంగూర మాంసం, పులుసులు, ఉలవచారు

గోంగూర మాంసానికి మాస్టర్ వాడేది ఎర్ర గోంగూర, తెల్ల గోంగూర కంటే పులుపు ఎక్కువ. మిర్చి రెండు రకాలు కలుపుతాడు, ఘాటుకి తేజ, రంగుకి బ్యాడిగి. మాంసం కదా అని రెడ్ పెడితే జరిగేది పైన చెప్పాను. పులుపు రెడ్‌ని పలచన చేసేస్తుంది, కారం దాని వగరుని పైకి లేపుతుంది, చివరికి నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది. మేము తేల్చింది: సులా కంపెనీ వాళ్ళ జిన్‌ఫాండెల్ రోజే, అంటే గులాబీ రంగు వైన్, 8 డిగ్రీల దగ్గర. కాస్త తీపి ఉంది, వగరు దాదాపు లేదు, స్ట్రాబెర్రీ లాంటి పండు వాసన గోంగూర పులుపు మీద చక్కగా కూర్చుంటుంది. మాంసం కొవ్వుని దాని పులుపు కోస్తుంది. నాకు రెడ్డే కావాలి అని పట్టుబట్టేవాళ్ళుంటారు, ముఖ్యంగా మాంసం ముందు గులాబీ రంగు గ్లాసు పట్టుకోవడానికి ఇష్టపడని మగవాళ్ళు. వాళ్ళకి ఫ్రటెల్లీ సాంజియోవేజే ఇస్తాం. ఆ ద్రాక్షకి పులుపు సహజంగానే ఎక్కువ, అందుకే ఇటలీలో టొమాటో వంటలతో తాగుతారు. దాన్ని ఐస్ నీళ్ళలో పావుగంట ఉంచి 15 డిగ్రీలకి తెచ్చి పోస్తే, గోంగూరకి ఎదురు నిలుస్తుంది. కానీ నా ఓటు రోజేకే.

చేపల పులుసు మా అందరికీ అన్నిటికంటే తేలిగ్గా కుదిరింది. బొమ్మిడాయిలు దొరికితే బొమ్మిడాయిలు, లేకపోతే కొరమీను. మాస్టర్ పులుసు పొద్దున్నే పెట్టి రాత్రికి వడ్డిస్తాడు. పులుసు నిలవుంటేనే రుచి అని మన ఇళ్ళలో అందరికీ తెలుసు, వైన్ పక్కన ఆ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అప్పుడే దించిన పులుసులో కారం ఒక పక్క, పులుపు ఒక పక్క ఉంటాయి, రాత్రికి అవి కలిసిపోయి గుండ్రంగా అవుతాయి. దీనికి నాసిక్ సోవిన్యోన్ బ్లాంక్ అనే వైట్ వైన్. పచ్చి క్యాప్సికమ్ లాంటి ఆ వాసన కరివేపాకు, కొత్తిమీరతో, మెంతి పోపుతో హాయిగా కలుస్తుంది, పులుపు పులుపుతో సరితూగుతుంది. రెడ్ ఇక్కడ అసలు వద్దు. రెడ్ వైన్‌లో ఉండే ఇనుము చేప నూనెతో కలిసి నీచు వాసనని పెంచుతుంది, ఎంత తాజా చేపైనా సరే.

రొయ్యల వేపుడికి బ్రూట్ స్పార్క్‌లింగ్, అంటే తీపి దాదాపు లేని బుడగల వైన్. రొయ్యకి సహజంగా తీపి ఉంది, మాస్టర్ వేపుడులో మిరియం, కరివేపాకు ఎక్కువ, ఎండుకారం తక్కువ. నూనె మీద బుడగలు బాగా పనిచేస్తాయి. ఇదే బ్రూట్‌ని కోడి వేపుడుతో పెడితే మాత్రం కుదరలేదు. బుడగలు కూడా నోటిని పొడుస్తాయి కదా, తేజ మిర్చి మంట మీద ఆ పొడుపు తగిలితే మంట రెట్టింపవుతుంది. అందుకని కోడి వేపుడుకీ, నాటుకోడి పులుసుకీ షెనాన్ బ్లాంక్, సెమీ డ్రై (కాస్త తీపి ఉన్న) రకం, వీలైనంత చల్లగా. ఈ లిస్టులో అన్నిటికంటే ఎక్కువ పనిచేసే బాటిల్ అదే. ఎక్కడ అనుమానం వచ్చినా షెనాన్ అని కెప్టెన్లకి చెప్పి ఉంచాను.

గుత్తి వంకాయ గురించి రెండు ముక్కలు. వేరుసెనగ, నువ్వులు, ఎండుకొబ్బరి ముద్ద ఉంది కాబట్టి అది వైన్‌కి చాలా దయగల కూర, కాస్త ఓక్ తగిలిన షార్డొనే వైట్ వైన్ గానీ షెనాన్ గానీ పెట్టొచ్చు. శాకాహారులకి వైన్ జోడీ లేదనే వాళ్ళకి ముందు ఇదే తినిపిస్తాను.

ఇక ఉలవచారు. నేను ఈ రెస్టారెంట్‌ని ఇంతగా ఇష్టపడటానికి సగం కారణం ఇది. ఉలవలు రాత్రంతా నానబెట్టి, గంటల తరబడి ఉడికించి, ఆ నీళ్ళని చింతపండుతో చిక్కగా, దాదాపు నల్లగా మరగబెడతారు. వేడి అన్నంలో పోసి పైన మీగడ వేస్తారు. కారం తక్కువ, పులుపు మెత్తగా ఉంటుంది, మట్టివాసనలాంటి లోతైన రుచి. భోజనం మొత్తంలో రెడ్ వైన్‌కి ఇంత చక్కగా కుదిరే చోటు ఇంకోటి లేదు. ఓక్‌లో ఉంచిన నాసిక్ షిరాజ్, మిరియం, పొగ వాసన ఉన్నది, 16 డిగ్రీల దగ్గర. మీగడలోని కొవ్వు, ప్రొటీన్ టానిన్లని పట్టేసుకుంటాయి, వగరు మెత్తబడుతుంది, షిరాజ్ పొగ వాసన ఉలవల లోతుని ఇంకా కిందికి తీసుకెళ్తుంది. ఈ జోడీ మొదటిసారి కుదిరిన సాయంత్రం మాస్టర్ గ్లాసు కింద పెట్టి ఇంకో ముద్ద కలుపుకున్నాడు. ఉమ్మేయడం మర్చిపోయాడు కూడా.

పనిచేయనివీ చెప్పాలి. ఆవకాయకి ఏ వైనూ లేదు. పచ్చి ఆవపిండి ముక్కులోకి ఎక్కుతుంది, వెల్లుల్లి, ఉప్పు, కారం, పులుపు, అన్నీ శిఖరం మీద ఉంటాయి, ఏ వైన్ పెట్టినా నీళ్ళలాగే ఉంది. అది పెరుగన్నంలోకి, వైన్ అయిపోయాక. బందరు హల్వాకీ, ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసే తియ్యటి లేట్ హార్వెస్ట్ షెనాన్‌కీ జోడీ కుదురుతుందని నాకు చాలా ఆశ ఉండేది. బెల్లం తీపి ముందు ఆ వైన్ పుల్లగా మారింది. స్వీట్ కంటే వైన్ తియ్యగా ఉండాలి, హల్వాని మించే తీపి వైన్ మన డిపోలో లేదు. అదే వైన్‌ని జున్నుతో పెడితే అద్భుతంగా ఉంది, జున్నులో తీపి మితంగా ఉంటుంది, పైన మిరియం పొడి ఉంటుంది. హల్వాకి ఫిల్టర్ కాఫీ.

విస్తరి వరసే మెనూ

వైన్ జోడీలు కోర్సుల వారీగా రాస్తారు. మన టేబుల్ మీద అన్నీ ఒకేసారి వస్తాయి, పక్కవాళ్ళ కూర మనం వేసుకుంటాం, మధ్యలో పప్పులోకి మళ్ళీ వెళ్తాం. ఒక్కో కూరకి ఒక్కో గ్లాసు అంటే ఎవరికీ ఓపిక ఉండదు.

దీనికి జవాబు మన భోజనంలోనే ఉంది. ముందు పప్పు, నెయ్యి, వేపుడు. తర్వాత కూర, పులుసు, చారు. చివర పెరుగు. ఈ వరసలో నెయ్యి ముందే నోటికి ఒక పూత వేస్తుంది, కారం తర్వాత వస్తుంది, పెరుగులోని కేసీన్ అనే పాల ప్రొటీన్ చివర క్యాప్సైసిన్‌ని తీసేస్తుంది. ఎవరు ఏర్పరచారో గానీ గొప్ప వరస. నేను చేసిందల్లా దాన్ని రెండు భాగాలుగా చూడటం. నెయ్యి భాగానికి ఒక వైన్, పులుపు భాగానికి ఒక వైన్, పెరుగు దగ్గర వైన్ ఆగిపోతుంది. పప్పు, ముద్దపప్పు, వేపుళ్ళు, వంకాయ ఒక వైపు: బ్రూట్ లేదా షెనాన్. చేపల పులుసులు, గోంగూర ఇంకో వైపు: సోవిన్యోన్ బ్లాంక్ లేదా రోజే. ఉలవచారు చెప్పినవాళ్ళకి మాత్రం మూడోది, షిరాజ్. వడ్డించే వాళ్ళు కూడా రెండు విడతలుగానే తెస్తారు, మధ్యలో కాస్త ఆగి. మెనూ కార్డు మీద కూర పక్కన వైన్ పేరు వేయడం మానేశాం.

దాంతో పాటు 75 మి.లీ. పోత పెట్టాం. 750 బాటిల్‌కి పది పోతలు. పెద్ద గ్లాసు చెప్పడానికి జంకే మనిషి కూడా ఇలా అయితే రెండు రకాలు రుచి చూస్తాడు, బాటిల్ ఒకే రాత్రిలో అయిపోతుంది, పారబోయడం ఉండదు. మిగిలితే గాలి తీసే పంపు పెట్టి ఫ్రిజ్‌లో, మూడు రోజులు దాటితే వంటింట్లోకి.

స్టాఫ్ ట్రైనింగ్‌లో నేను తీసేసినవే ఎక్కువ. వైన్ వాసన గురించి బ్లాక్‌కరెంట్, సెడార్, లెదర్ లాంటి మాటలు కంఠస్థం చేయించడం మానిపించాను. కెప్టెన్ ఆ పండ్లు చూడలేదు, కస్టమర్ చూడలేదు. తీపి, పులుపు, వగరు, చల్లదనం, ఈ నాలుగు చెప్తే చాలు. "సార్, ఇది కాస్త తియ్యగా ఉంటుందండీ, కారం మీద బాగుంటుంది, ముందు కొంచెం పోస్తాను, నచ్చకపోతే మార్చేస్తాను." అంతే. కస్టమర్‌ని ఏ వైన్ ఇష్టం అని అడగొద్దు, చాలామందికి అది పరీక్షలా అనిపించి టెన్షన్ పడతారు. కాఫీలో చక్కెర ఎంత వేసుకుంటారు, పులుసు ఇష్టమా పప్పు ఇష్టమా అని అడిగితే చాలు, సగం సమాధానం వచ్చేస్తుంది. 21 ఏళ్ళు నిండాయో లేదో అనుమానం ఉంటే కార్డు అడగాలి, మొహమాటం లేదు. బండి ఎవరు నడుపుతారో కూడా అడగాలి. చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే నేరం, అది చాలా చిన్న హద్దు. నడిపే మనిషికి, అసలు తాగని వాళ్ళకి అదే గ్లాసులో సుగంధి సోడా గానీ అల్లం నిమ్మ సోడా గానీ, అంతే శ్రద్ధగా, అదే సమయానికి. ఒక టేబుల్ మీద ఇద్దరు తాగి నలుగురు చూస్తూ కూర్చుంటే ఆ జోడీకి అర్థం లేదు.

ఏం మారింది

లెక్కలు మేడమ్ దగ్గర ఉంటాయి, నేను కంటితో చూసింది చెప్తాను. పారబోత దాదాపు ఆగింది. షెనాన్, రోజే తరచూ డిపోకి వెళ్ళి తెచ్చుకోవాల్సి వస్తోంది, అంతకుముందు గొప్పగా షెల్ఫ్ మీద పెట్టిన ఖరీదైన కాబర్నేలు లిస్టులోంచి పోయాయి. విస్కీ తాగేవాళ్ళు విస్కీయే తాగుతున్నారు, వాళ్ళని మార్చాలని నేను అనుకోలేదు. మారింది కుటుంబాల టేబుళ్ళు. భార్యాభర్తలు, పెద్ద పిల్లలు, అత్తగారు కూడా ఉన్న టేబుళ్ళలో ఇదివరకు గ్లాసే కనిపించేది కాదు. ఇప్పుడు రెండు చిన్న పోతలు నలుగురూ రుచి చూసి గోంగూర గురించి మాట్లాడుకుంటారు.

గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఒక పెద్దాయన నెలకోసారి వస్తారు. మొదటిసారి కెప్టెన్‌తో, "బాబూ, వైన్ పేరు చెప్పి కూరలో కారం తగ్గించారంటే లేచిపోతా" అన్నారట. నాటుకోడి, చల్లటి షెనాన్ తీసుకున్నారు. ఆ తర్వాత నుంచి ఆయన వచ్చే రోజు ఒక బాటిల్ వెనక్కి పెట్టి ఉంచుతున్నారు.

ఇంకా తెగనిది వేసవి. ఏప్రిల్, మే నెలల్లో చిల్లర్ నుంచి టేబుల్‌కి వచ్చేసరికే గ్లాసు వేడెక్కుతుంది, పలచటి గాజు గ్లాసులు ముందే ఫ్రిజ్‌లో పెట్టమన్నాను, కానీ వాటి మీద నీళ్ళు పట్టి చేతికి జారుతున్నాయి. ఐస్ బకెట్‌లో ఐస్‌తో పాటు నీళ్ళు, గుప్పెడు ఉప్పు వేస్తే త్వరగా చల్లబడుతుంది, ఆ పని ఒక కుర్రాడికి ప్రత్యేకంగా అప్పజెప్పాల్సి వచ్చింది.

మీరు వెళ్తే

ఇలాంటి మెనూ ఉన్న చోటికి ఇద్దరు వెళ్తే: రొయ్యల వేపుడుతో బ్రూట్ చెరొక పోత, తర్వాత బొమ్మిడాయిల పులుసు, సోవిన్యోన్ బ్లాంక్ చెరొక పోత, పెరుగన్నం, జున్ను. బాటిల్ తీసుకోవద్దు. నలుగురైతే షెనాన్ బాటిల్ ఒకటి మధ్యలో పెట్టుకుని ముద్దపప్పు, గుత్తి వంకాయ, నాటుకోడి చెప్పండి, గోంగూర మాంసం వచ్చినప్పుడు రోజే నాలుగు పోతలు. శాకాహారులైతే పప్పు, వంకాయ, ఉలవచారు, షెనాన్ తర్వాత షిరాజ్, మాంసం తినేవాళ్ళ కంటే మీకే మంచి భోజనం. ఉలవచారు కావాలంటే మాత్రం ముందు రోజే ఫోన్ చేసి చెప్పండి, ఉలవలు రాత్రంతా నానాలి.